ఉల్లి రింగుల పూత నిలబెట్టడానికి ఇరవై ప్రయత్నాలు: ప్రాజెక్టు డైరీ

ఈ డైరీ తూకాలు మొదలైన రోజు నుంచి మాత్రమే ఉంది. అంతకుముందు కంటి అంచనాతో వేయించిన వాయిలకు ఏ కొలతా లేదు కనుక వాటిని లెక్కలో కలపలేదు. ఇంట్లో ఉల్లి రింగులు చేయదలచిన వారు నా తప్పులను మళ్లీ చేయకుండా ఉండాలని దీన్ని రాస్తున్నాను. అందువల్ల బాగా కుదిరిన రోజుల కంటే పాడైన రోజుల వివరాలే ఇందులో ఎక్కువ.

మా ఊరు ఒడిశాలోని గజపతి జిల్లా పర్లాకిమిడి. మహేంద్రతనయ ఒడ్డున ఉన్న ఈ ఊరు దాటి కొద్ది దూరం పోతే శ్రీకాకుళం జిల్లా పాతపట్నం వస్తుంది. ఇటువైపు పియాజీ, అటువైపు ఉల్లి పకోడీ. రెంటిలోనూ ఉల్లిపాయను తరిగి శనగపిండిలో కలిపేయడమే పద్ధతి కనుక, ఉల్లిపాయ విడిచిన నీరు పిండిని తడిపి మేలే చేస్తుంది. రింగు సంగతి వేరు. ఇందులో ఉల్లిపాయ లోపల ఉంటుంది, పూత పైన ఉంటుంది, ఆ రెంటి మధ్యకు చేరిన ప్రతి నీటిబొట్టూ పూతను ఊడదీసే పనిలోనే ఉంటుంది. ఈ ఒక్క తేడా నాకు అర్థం కావడానికి ఎనిమిది ప్రయత్నాలు పట్టాయి.

మా వైపు చక్రాలు అంటే గొట్టంతో ఒత్తే పిండివంట కనుక, అయోమయం లేకుండా ఇక్కడ రింగులు అనే రాస్తున్నాను.

కొలతల ఏర్పాటు

పోల్చి చూడాలంటే మారకూడనివి కొన్ని ఉండాలి. వాటిని ముందే ఇలా నిర్ణయించుకున్నాను.

1. ప్రతి ప్రయత్నానికి 24 రింగులు. బరువు సుమారు 200 గ్రాములు, మందం 1 సెంటీమీటరు. మందాన్ని స్కేలుతో కొలిచి కత్తితో కోయాలి. కత్తిపీట మీద నాకు ఇంత సమంగా రాలేదు.
2. శుద్ధి చేసిన వేరుశనగ నూనె 1 లీటరు, తూకంలో 910 గ్రాములు. తగ్గిన మేర ప్రతిసారీ కొత్త నూనె కలపాలి. మూడు ప్రయత్నాల తరువాత మొత్తం నూనె మార్చాలి.
3. ఇనుప మూకుడు, గ్రాము దాకా చూపే తూకం, ఫోనులోని గడియారం. సూది ఉష్ణమాపకం 4వ ప్రయత్నానికి ముందు వచ్చింది.

నమోదు చేసిన ఫలితాలు మూడు: 24 రింగుల్లో ఎన్నింటికి పూత ఊడింది, మూకుడులో ఎన్ని గ్రాముల నూనె తగ్గింది, చివరి వాయిలను పళ్లెంలో ఉంచి రెండు నిమిషాలకొకసారి ఒక ముక్క విరిస్తే ఎంతసేపటి దాకా కరకర శబ్దం వినిపించింది. నూనె తూచే ముందు అడుగున చేరిన పిండి ముక్కలను జల్లెడ పట్టి తీసేయాలి; లేకపోతే వాటి బరువు నూనె లెక్కలో చేరుతుంది.

మొదటి దశ: బజ్జీ అలవాటుతో (ప్రయత్నాలు 1–3, భాద్రపదం)

1వ ప్రయత్నం: శనగపిండి 80 గ్రాములు, బియ్యప్పిండి 20 గ్రాములు, నీరు 110 మిల్లీలీటర్లు. అరటికాయ బజ్జీకి ఇంట్లో కలిపే జారు ఇదే. 11 రింగులకు పూత ఊడింది, 96 గ్రాముల నూనె తగ్గింది, కరకర 4 నిమిషాలకే పోయింది. కొరికినప్పుడు ఉల్లిపాయ మొత్తం తాడులా బయటికి వచ్చి, పూత ఖాళీ గొట్టంలా చేతిలో మిగిలింది.

2వ ప్రయత్నం: పూత పలుచగా ఉండటం వల్లనే ఊడుతోందని అనుకుని నీటిని 85 మిల్లీలీటర్లకు తగ్గించాను. ఊడినవి 9, నూనె 84 గ్రాములు. అంకెలు కొంచెం మెరుగ్గా కనిపించినా తినడానికి ఇది ఇంకా పాడు, ఎందుకంటే పూత లోపలి సగం ఉడకకుండా ముద్దగా ఉండిపోయింది. చిక్కదనంతో పూతను నిలబెట్టాలన్న ఆలోచనను ఇక్కడితో వదిలేశాను.

3వ ప్రయత్నం: మైదా 80, కార్న్‌ఫ్లోరు 20, నీరు 115, వంట సోడా అర టీస్పూను. తెల్లని కార్న్‌ఫ్లోరు వేరు, పసుపుపచ్చని మొక్కజొన్న పిండి వేరు. దుకాణంలో అడిగి తెచ్చుకోవాలి. రింగులు నిమిషంలోపే ముదురు గోధుమరంగుకు తిరిగి, నాలుక మీద సబ్బు రుచి మిగిల్చాయి. ఊడినవి 10, నూనె 118 గ్రాములు, ఇది మొత్తం డైరీలోనే అత్యధికం. అది మూడోసారి కాగిన నూనె కావడం వల్ల అలా జరిగిందేమో అనుకున్నాను. అయితే తరువాత 6వ, 9వ ప్రయత్నాలు కూడా మూడోసారి నూనెలోనే జరిగాయి, వాటిలో ఇంత నూనె తగ్గలేదు. కనుక తప్పు సోడాదే. పుల్లని పదార్థం ఏదీ తోడు లేని జారులో సోడా పూర్తిగా ఖర్చు కాదు. మిగిలిన క్షారం రంగును త్వరగా తిప్పుతుంది, పూతను గుల్లచేసి నూనె తాగిస్తుంది.

ఇప్పటి దాకా మొత్తం: ప్రయత్నాలు 3, రింగులు 72, ఊడినవి 30, తగ్గిన నూనె 298 గ్రాములు.

రెండో దశ: నూనె వేడి (ప్రయత్నాలు 4–6, ఆశ్వయుజం)

ఉష్ణమాపకం రాగానే మరిగే నీటిలో పెట్టి చూశాను. 97 డిగ్రీలు చూపింది. మా ఊరు సముద్రమట్టానికి పెద్ద ఎత్తులో లేదు కనుక అక్కడ 100కు చాలా దగ్గరగా రావాలి. అందుకే ఈ డైరీలోని ప్రతి ఉష్ణోగ్రతకూ 3 కలిపి రాశాను.

మొదట తేల్చుకోవలసింది మన పాత పరీక్ష సంగతి. చిటికెడు జారు నూనెలో వేసి అది వెంటనే పైకి తేలితే నూనె కాగినట్టు అంటాం. కొలిచి చూస్తే 165 డిగ్రీల దగ్గరా అది తేలింది, 205 డిగ్రీల దగ్గరా తేలింది. ఆ రెంటి మధ్య ఉన్న 40 డిగ్రీల తేడాను ఆ బొట్టు చెప్పలేదు. చేయి తిరిగిన వారు బుడగల తీరును, శబ్దాన్ని కూడా గమనిస్తారు కనుక వారికి ఆ పరీక్ష చాలు. నాకు మాత్రం చాలలేదు. మొదటి మూడు ప్రయత్నాల్లో మొదటి వాయి మాడి, మూడో వాయి మెత్తబడటానికి కారణం ఇదే అయి ఉండాలి.

ఈ దశలోనూ తరువాతి దశలోనూ జారు ఒకటే: మైదా 80, కార్న్‌ఫ్లోరు 20, చల్లని నీరు 115, సోడా లేదు.

4వ ప్రయత్నం: 180 డిగ్రీల వద్ద 8 రింగులు ఒకేసారి వేశాను. నూనె 148కి పడిపోయింది, తిరిగి 175కు రావడానికి 3 నిమిషాలు పట్టింది. ఊడినవి 8, నూనె 92 గ్రాములు.

5వ ప్రయత్నం: అదే 180, వాయికి 4 రింగులు మాత్రమే. నూనె 168 కంటే కిందికి దిగలేదు. ఊడినవి 7, నూనె 61 గ్రాములు. వాయికి వేసే రింగుల సంఖ్యను సగం చేస్తే నూనె 31 గ్రాములు మిగిలింది. ఈ డైరీలో ఒక్క మార్పుతో ఇంత లాభం మరెక్కడా రాలేదు.

6వ ప్రయత్నం: 200 డిగ్రీలు, వాయికి 4. పైపూత 1 నిమిషం 20 సెకన్లకే ముదిరింది, లోపల ఉల్లిపాయ పచ్చిగా, ఘాటుగా ఉంది. ఊడినవి 8, నూనె 58 గ్రాములు. నూనె మరో 3 గ్రాములు తగ్గించడం కోసం ఉల్లిపాయను పచ్చిగా తినలేం.

ఆ తరువాత, 19వది తప్ప, అన్ని ప్రయత్నాలకూ 180–185 డిగ్రీలు, వాయికి నాలుగు అని ఖాయం చేసుకున్నాను. కానీ ఊడిన రింగుల సంఖ్య మూడింటిలోనూ ఏడెనిమిది దగ్గరే ఆగిపోవడం చూస్తే, వేడి నూనె లెక్కను మార్చగలదు గానీ పూతను అంటించలేదని తేలిపోయింది.

ఈ దశలో చేసిన పనుల్లో ఎక్కువ ఉపయోగపడింది మాత్రం ఉష్ణమాపకంతో చేసింది కాదు. ఊడిన 23 రింగులనూ పారేయకుండా పళ్లెంలో వరుసగా పేర్చి, పూత ఏ వైపు నుంచి విడిపోయిందో చూశాను. 19 రింగులకు లోపలి వైపు, అంటే గుంట వైపు నుంచి ఊడింది. వెలుపలి వైపు నుంచి ఊడినవి 4 మాత్రమే. రెండు వైపులా అదే పిండి, అదే నూనె ఉన్నప్పుడు ఇంత తేడా ఉందంటే కారణం ఉల్లిపాయలోనే ఉండాలి.

ఇప్పటి దాకా మొత్తం: ప్రయత్నాలు 6, రింగులు 144, ఊడినవి 53, తగ్గిన నూనె 509 గ్రాములు.

మూడో దశ: తడి, సన్నపొర (ప్రయత్నాలు 7–11, ఆశ్వయుజం చివర)

పాతపట్నంలో సాయంత్రం బజ్జీలు వేసే ఒకాయనను పిండి గురించి అడిగితే, ఆయన పిండి మాటే ఎత్తలేదు. “నూనె, పిండి తరవాత మాస్టారూ, ముందు కూర మీద తడి సూసుకోండి. తడి మీద పిండి నిలవదు” అన్నారు. ఆయన పక్కన ఒక పొడిగుడ్డ ఉంది. కోసిన ప్రతి వంకాయ ముక్కనూ దానితో అద్ది గానీ జారులో ముంచడం లేదు.

ఆ మాట విన్నా, దాన్ని నేను తప్పుగా అమలు చేశాను. కాకరకాయ వేపుడుకు ఉప్పు పట్టించి నీరు పిండే అలవాటు ఉంది కనుక, 7వ ప్రయత్నంలో రింగులకు ఉప్పు రాసి 15 నిమిషాలు ఉంచాను. 14 గ్రాముల నీరు గిన్నెలో చేరింది. తడి పోయిందని సంతోషించడానికి వీలు లేకపోయింది, ఎందుకంటే ఉప్పు లోపలి నీటిని పైకి లాగుతూనే ఉంటుంది. గుడ్డతో ఎన్నిసార్లు అద్దినా నిమిషంలో మళ్లీ చెమ్మ పట్టింది. రింగులు వడలిపోయి వంకర తిరిగాయి. ఊడినవి 13, నూనె 74 గ్రాములు. పూత విషయంలో డైరీ మొత్తంలో ఇదే అధమ ఫలితం. ఉప్పు జారులో మాత్రమే ఉండాలి, ఉల్లిపాయ మీద ఉండకూడదు.

8వ ప్రయత్నం: ఘాటు తగ్గడానికి ఐసు నీటిలో 30 నిమిషాలు నానబెట్టాను. ఘాటు నిజంగానే తగ్గింది. అయితే జల్లెడలో ఓడ్చి, గుడ్డతో పైపైన తుడిచి తూచితే 200 గ్రాములు ఉండవలసినవి 209 తూగాయి. ఆ 9 గ్రాముల నీరు నూనెలో పడగానే చిటపటలాడి మణికట్టు మీద చుక్కలు పడ్డాయి. నానబెట్టిన ఉల్లిపాయను పూర్తిగా ఆరబెట్టకుండా నూనె దగ్గరికి తీసుకెళ్లకండి, పిల్లలు పక్కన ఉన్నప్పుడు అసలే వద్దు. ఊడినవి 10, నూనె 70 గ్రాములు.

ఇక్కడ ఆగి ఒక రింగును పట్టపగలు వెలుతురులో పెట్టి చూశాను. ఉల్లిపాయలో దాదాపు 89 శాతం నీరే. ఒక్కో పొర లోపలి వైపున, పారదర్శకంగా, తడి కాగితంలా జారే ఒక సన్నపొర ఉంటుంది. గోటితో ఒక అంచున లేపితే చుట్టూ ఊడి వచ్చేస్తుంది. జారు ఆ సన్నపొరకు అంటుకుంటోంది, సన్నపొర మాత్రం ఉల్లిపాయకు గట్టిగా అంటుకుని లేదు. నూనెలో ఉల్లిపాయ నీరు ఆవిరై, ఆ వదులు సందులోకి చేరి, పొరతో సహా పూతను పక్కకు నెడుతుంది. లోపలి వైపు 19 రింగులు ఊడటానికి కారణం ఇదే.

అయితే దీన్ని నమ్మేయకుండా విడివిడిగా పరీక్షించాలనిపించింది. తరువాతి మూడు ప్రయత్నాల్లోనూ రింగులను ఐసు నీటిలో పది నిమిషాలు మాత్రమే ఉంచి, పొడిగుడ్డ మీద పరిచి, రెండో గుడ్డతో అద్ది, బరువు 200కు మించకుండా ఆరబెట్టాను.

9వ ప్రయత్నం: సన్నపొర తీసి, పొడి మైదా అద్ది, పది నిమిషాలు ఉంచి, తరువాత జారులో ముంచాను. ఊడినవి 2. నూనె 52 గ్రాములు.

10వ ప్రయత్నం: సన్నపొర తీయలేదు, పొడి మైదా మాత్రం అద్దాను. ఊడినవి 5. నూనె 55 గ్రాములు.

11వ ప్రయత్నం: సన్నపొర తీశాను, మైదా అద్దలేదు. ఊడినవి 4. నూనె 56 గ్రాములు.

24 రింగుల మీద ఒకటి రెండు తేడాను పెద్దగా పట్టించుకోనక్కరలేదు కనుక, ఈ రెంటిలో ఏది గొప్పదని నేను చెప్పను. రెండూ కలిపి చేస్తే మాత్రం ఏడెనిమిది రెండుకు దిగింది. పొడిపిండి అద్దిన తరువాత ఆ పది నిమిషాలు ఎందుకంటే, మైదా ఉల్లిపాయ మీద మిగిలిన చెమ్మను పీల్చి బంకగా మారుతుంది. ఆ బంక పైన జారు పట్టుకుంటుంది. తెల్లగా పొడిపొడిగా కనిపించినంతసేపు ముంచకూడదు, మచ్చలు మచ్చలుగా తడిసినట్టు కనిపించిన తరువాత ముంచాలి.

సన్నపొర తీయడంలో చిక్కు ఏమిటంటే కాలం. 24 రింగులకు 22 నిమిషాలు పట్టింది, నాలుగు రింగులు చేతిలోనే తెగిపోయాయి.

ఇప్పటి దాకా మొత్తం: ప్రయత్నాలు 11, రింగులు 264, ఊడినవి 87, తగ్గిన నూనె 816 గ్రాములు.

నాలుగో దశ: ఫ్రీజరు, జారు (ప్రయత్నాలు 12–17, కార్తీకం)

ఈ దశ మొత్తానికి ఒకేసారి కొన్న ఒకే బస్తా పాయలు వాడాను. ఎండాకాలంలో తవ్వి నిల్వ ఉంచిన నాసిక్ పాయలు అప్పటికి గట్టిగా, పైతొక్క ఎండి ఉంటాయి. కార్తీకంలో బజారుకు వచ్చే కొత్త పాయలు నీరు ఎక్కువ కలవి. రెంటినీ కలిపితే పిండిలో మార్పు వల్ల వచ్చిన తేడా ఏదో, పాయ వల్ల వచ్చిన తేడా ఏదో తెలియదు.

సన్నపొర చిక్కుకు ఫ్రీజరు పరిష్కారం చూపింది. కోసిన రింగులను సంచిలో వేసి ఒక గంట ఫ్రీజరులో ఉంచి, తీసి నీటిలో వేస్తే సన్నపొర దానంతట అదే లేచి ఉంటుంది. 24 రింగులకు 9 నిమిషాలే పట్టింది, ఒక్కటీ తెగలేదు. గడ్డకట్టినప్పుడు ఉల్లిపాయ కణాలు చిట్లుతాయి కనుక రింగు మెత్తబడి, నూనెలో త్వరగా ఉడికి, కొరికిన చోటనే తెగుతుంది. తాడులా బయటికి రావడం పూర్తిగా ఆగింది. చిట్లిన కణాల నీరు కూడా బయటపడుతుంది కనుక గుడ్డతో గట్టిగా అద్దాలి. ఆరబెట్టిన తరువాత 200 గ్రాములు 188 తూగాయి. పచ్చి ఉల్లిపాయలా గట్టిగా ఉంటుందని ఆశించి ఈ పద్ధతిని వదులుకోవద్దు. కావలసింది పూతకు కరకర, ఉల్లిపాయకు మెత్తదనం.

పూత నిలిచింది కనుక ఇప్పుడు కరకర మీద పడ్డాను. అమ్మ ఒక మాట అంది: “బూరెల పూతకు బియ్యం తగ్గితే మెత్తబడిపోవూ? దీనికీ బియ్యప్పిండి వేసి చూడరాదూ!” ఈ దశలో మిగిలినదంతా ఆ మాటకు తూకాలు కట్టడమే. కలిపింది పొడి బియ్యప్పిండి. తడిబియ్యం దంచిన పిండిలో నీరు ముందే ఉంటుంది కనుక ఈ కొలతలు దానికి పనికిరావు. అన్నింటికీ నీరు 120 మిల్లీలీటర్లు, ఉప్పు 3 గ్రాములు.

12వ ప్రయత్నం: మైదా 100. ఊడినది 1, నూనె 58 గ్రాములు, కరకర 6 నిమిషాలు. పూత రొట్టెలా మెత్తగా సాగింది.

13వ ప్రయత్నం: మైదా 70, బియ్యప్పిండి 30. ఊడినది 1, నూనె 50, కరకర 12 నిమిషాలు.

14వ ప్రయత్నం: మైదా 50, బియ్యప్పిండి 50. ఊడినవి 3, నూనె 43, కరకర 16 నిమిషాలు. నూనె ఇంత తక్కువ ఎప్పుడూ తగ్గలేదు, కానీ పూత పెళుసుబారి పగుళ్లు తేలింది. ఊడిన మూడూ ఆ పగుళ్ల దగ్గరే విడిపోయాయి. బియ్యంలో సాగే గుణమిచ్చే గ్లూటెన్ లేదు కనుక అది పూతను గట్టిపరచగలదు గానీ సాగి పట్టుకోలేదు, ఆ పని మైదాదే.

15వ ప్రయత్నం: మైదా 50, బియ్యప్పిండి 30, కార్న్‌ఫ్లోరు 20. ఊడినది 1, నూనె 45, కరకర 16 నిమిషాలు. పగుళ్లు లేవు.

16వ ప్రయత్నం: అదే పిండి, బేకింగ్ పౌడరు 3 గ్రాములు, నీటికి బదులు బాగా చల్లబడిన గోలీ సోడా 120 మిల్లీలీటర్లు. బేకింగ్ పౌడరులో క్షారానికి తోడు ఆమ్లం కూడా ఉంటుంది కనుక 3వ ప్రయత్నంలోని సబ్బు రుచి రాలేదు. ఊడినది 1, నూనె 49, కరకర 18 నిమిషాలు. నూనె 4 గ్రాములు పెరిగింది, దానికి బదులు పూత పళ్ల కింద పలుచగా, తేలికగా విరిగింది. ఈ మార్పిడి నాకు సమ్మతమే. చక్కెర, నిమ్మ, ఉప్పు ఏవీ కలపని సోడా అయి ఉండాలి.

17వ ప్రయత్నం: 16వ దాన్నే మళ్లీ చేద్దామని జారు కలిపి ఉంచగా కరెంటు పోయింది. వెలుతురు లేకుండా నూనె దగ్గర నిలబడటం క్షేమం కాదని 40 నిమిషాలు ఆగాను. ఆలోగా సోడాలోని గాలి పోయింది, జారు వేడెక్కి చిక్కబడింది. ఊడినవి 4, నూనె 63, కరకర 10 నిమిషాలు. అనుకోకుండా జరిగినా ఇది మంచి పరీక్షే అయింది: నూనె 180కి చేరిన తరువాతనే జారు కలపాలి, కలిపేటప్పుడు చిన్న ఉండలు మిగిలినా పరవాలేదు, ఎంత ఎక్కువ కలిపితే మైదా అంత సాగుతుంది.

భాద్రపదంలో వానల మధ్య చేసిన మొదటి ప్రయత్నాన్ని కార్తీకంలో చేసిన వాటితో పోల్చడం న్యాయం కాదేమోనన్న అనుమానంతో, 1వ ప్రయత్నపు శనగపిండి జారును మళ్లీ నాలుగు రింగులకు వేసి చూశాను. 4 నిమిషాలకు బదులు 6 నిమిషాలు నిలిచింది. వాతావరణం వంతు రెండు నిమిషాలు, మిగిలినదంతా పిండి వంతు. పక్కింటి మావుసీ (ఒడియాలో పిన్ని) ఇచ్చిన ఆవనూనెలో కూడా నాలుగు రింగులు వేయించాను. వాళ్లు చేసినట్టే పొగ వచ్చేదాకా కాచి, చల్లార్చి, మళ్లీ 180కి తెచ్చాను. పూత బాగానే వచ్చింది. నూనె ఘాటు ముందు ఉల్లిపాయ తీపి మాత్రం నిలవలేదు. ఈ ఎనిమిది రింగులూ మొత్తంలో చేరలేదు.

ఇప్పటి దాకా మొత్తం: ప్రయత్నాలు 17, రింగులు 408, ఊడినవి 98, తగ్గిన నూనె 1,124 గ్రాములు.

అయిదో దశ: మూకుడు నుంచి పళ్లెం దాకా (ప్రయత్నాలు 18–19)

18వ ప్రయత్నం వాయుగుండం వానలో జరిగింది. మూడు వాయిలను కాగితం పరిచిన పళ్లెంలో పోగుగా పోశాను, మూడు వాయిలను తీగల జాలీ మీద ఒకదానికొకటి తగలకుండా పేర్చాను. కాగితం మీదివి 8 నిమిషాలకు మెత్తబడ్డాయి, జాలీ మీదివి 18 నిమిషాలు నిలిచాయి. పోగు అడుగున రింగుల ఆవిరి బయటికి పోయే దారి లేక పూతలోకే తిరిగి వచ్చింది. వేపుడు పదార్థం నూనెలో మునిగి ఉన్నప్పుడు కంటే తీసిన తరువాత, చల్లారేటప్పుడే ఎక్కువ నూనెను లోపలికి పీల్చుకుంటుంది. అందువల్ల చిల్లుల గరిటెతో మూకుడు మీదనే పది సెకన్లు ఓడ్చడం తప్పనిసరి. వార్తాపత్రిక కాగితాన్ని నేను వాడలేదు, వాడవద్దు కూడా. అచ్చుసిరా ఆహారానికి అంటుతుందని దేశ ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ 2016లోనే హెచ్చరించింది. ఊడినది 1, నూనె 46 గ్రాములు.

19వ ప్రయత్నం: 165 డిగ్రీల వద్ద ఒకటిన్నర నిమిషం, జాలీ మీద 5 నిమిషాలు, మళ్లీ 190 వద్ద 45 సెకన్లు. ఊడినవి లేవు, కరకర 28 నిమిషాలు, నూనె 56 గ్రాములు. పొయ్యి దగ్గరే నిలబడి తినే ఇంటికి ఇది అనవసరం. బంధువులు వచ్చి, అందరికీ ఒకేసారి వడ్డించవలసిన రోజున మాత్రం మొదటి వేపుడు ముందే ముగించి ఉంచుకోవచ్చు.

ఇప్పటి దాకా మొత్తం: ప్రయత్నాలు 19, రింగులు 456, ఊడినవి 99, తగ్గిన నూనె 1,226 గ్రాములు.

రాసి ఇచ్చిన పద్ధతి

1. పెద్ద ఉల్లిపాయలను 1 సెంటీమీటరు మందాన కోసి, రింగులు విడదీసి, 24 పెద్దవి ఏరుకోవాలి. నడిమి చిన్నవి పులుసుకు పనికివస్తాయి.
2. ఒక గంట ఫ్రీజరు, తరువాత మామూలు నీరు. లోపలి సన్నపొర తీయాలి.
3. రెండు గుడ్డల మధ్య అద్ది, తడి లేకుండా ఆరబెట్టాలి.
4. పొడి మైదా 20 గ్రాములు అద్ది 10 నిమిషాలు ఉంచాలి.
5. నూనెను 180–185 డిగ్రీలకు కాచాలి.
6. మైదా 50, బియ్యప్పిండి 30, కార్న్‌ఫ్లోరు 20, బేకింగ్ పౌడరు 3, ఉప్పు 3, కారం 1 గ్రాము. వీటిని ముందే పొడిగా కలిపి ఉంచాలి.
7. నూనె కాగిన తరువాత చల్లని గోలీ సోడా పోసి పలుచగా కలపాలి.
8. వాయికి నాలుగు. రెండున్నర నిమిషాలు, మధ్యలో ఒకసారి తిప్పాలి.
9. పది సెకన్లు ఓడ్చి, జాలీ మీద విడివిడిగా పెట్టాలి.

ఆరో దశ: మరొకరి చేతిలో (ప్రయత్నం 20, మార్గశిరం)

నా చేతికి అలవాటైన పని మరొకరికి కాగితం చూసి వస్తుందా అన్నది తేలాలి. పాతపట్నం నుంచి వచ్చిన మా చెల్లెలికి పై తొమ్మిది మెట్లూ ఇచ్చి, నేను తూకం, గడియారం మాత్రమే చూశాను. అప్పటికి పాత పాయలు అయిపోయి కొత్త పాయలు వచ్చాయి. ఫ్రీజరు తరువాత 200 గ్రాములు 183కి దిగాయి, అంటే పాత పాయల కంటే 5 గ్రాములు ఎక్కువ నీరు విడిచాయి.

ఏడో మెట్టు దగ్గర ఆమె ఆగింది. “పలుచగా అంటే ఎంత పలుచగా అన్నయ్యా? మజ్జిగలాగానా, దోసెల పిండిలాగానా?” అని అడిగింది. నియమం ప్రకారం నేను జవాబు చెప్పలేదు. ఆమె మజ్జిగ దగ్గర ఆగి 140 మిల్లీలీటర్లు పోసింది. ఊడినవి 2, నూనె 48 గ్రాములు, కరకర 14 నిమిషాలు. వెలుపలి అంచుల వెంట ఉల్లిపాయ బయటపడి మాడింది.

ఆ రెండు రింగులూ కొత్త పాయ వల్ల ఊడాయా, పలుచని జారు వల్ల ఊడాయా అన్నది అప్పటికప్పుడే చూశాం. అవే కొత్త పాయల రింగులు నాలుగింటిని సరిగ్గా 120 మిల్లీలీటర్ల నిష్పత్తిలో కలిపిన జారులో ముంచి వేయించితే ఒక్కటీ ఊడలేదు, అంచు మాడలేదు. పాయలో దోషం లేదు, నా కాగితంలోనే ఉంది: ఆరు ప్రయత్నాల్లో కొలిచి పోసిన అంకెను వదిలేసి, కొలత లేని మాట ఒకటి రాశాను. ఏడో మెట్టును ఇలా మార్చాను.

7. నూనె కాగిన తరువాత, పైన చెప్పిన 100 గ్రాముల పిండికి 120 మిల్లీలీటర్ల చల్లని గోలీ సోడా కొలిచి పోయాలి. గరిటెతో పదిహేను సార్లకు మించి తిప్పకూడదు. గరిటె వెనుక అంటిన జారు మీద వేలితో గీత గీస్తే అయిదు సెకన్లు చెదరకూడదు. అనుమానం ఉంటే, మైదా అద్దిన నాలుగు రింగులను ముంచక ముందు, ముంచిన తరువాత తూచాలి. నాలుగింటికి కలిపి 22 నుంచి 26 గ్రాముల జారు పట్టాలి. తక్కువ పడితే ఒక చెంచా బియ్యప్పిండి, ఎక్కువ పడితే ఒక చెంచా గోలీ సోడా కలపాలి.

మొత్తం: ప్రయత్నాలు 20, రింగులు 480, పూత ఊడినవి 101, తగ్గిన నూనె 1,274 గ్రాములు, కొన్న ఉల్లిపాయలు 6 కిలోల 700 గ్రాములు, అందులో రింగులుగా వాడినవి 4 కిలోలు.